నల్లగొండలో జీబీఎస్ స్వాబ్ పరీక్ష: చేయించుకోవడమా, మానడమా

నల్లగొండ పట్టణంలో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సంస్థ తన కలెక్షన్ సెంటర్ ద్వారా గర్భిణులకు చేస్తున్న జీబీఎస్ స్వాబ్ కల్చర్ పరీక్ష గురించి ఈ సమీక్ష. కాన్పు సమయంలో బిడ్డకు అంటుకోగల జీబీఎస్ అనే బాక్టీరియా తల్లిలో ఉందేమో చూడటానికి, మెత్తని కొస ఉన్న పుల్లతో (స్వాబ్) శాంపిల్ తీసి, ల్యాబ్‌లో బాక్టీరియాను పెంచి చూడటమే (కల్చర్) ఈ పరీక్ష. మా చెల్లెలికి తొమ్మిదో నెలలో ఈ పరీక్ష అక్కడే చేయించాం. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ఇందులో నేను చెప్పబోయే లోపాల్లో చాలావరకు జిల్లా కేంద్రంలో శాంపిల్ తీసి హైదరాబాద్‌కు పంపే ఏ సెంటర్‌లోనైనా ఎదురుకాగలిగినవే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్వాబ్‌ను సరైన చోటి నుంచి తీయాలి, ల్యాబ్ అందులోని బాక్టీరియాను సరైన పద్ధతిలో పెంచాలి, కాన్పు గదిలో ఎవరో ఒకరు ఆ రిపోర్టు చూసి సకాలంలో యాంటీబయాటిక్ ఇంజక్షన్ మొదలుపెట్టాలి. ఈ మూడూ కుదిరే చోట ఈ పరీక్ష చేయించుకోవడం మంచిదే. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా కట్టిన డబ్బుకు ఒక కాగితం తప్ప మరేమీ దక్కదు.

పరీక్ష సంగతి మాకు మొదట చెప్పింది హైదరాబాద్ డాక్టరు. చెల్లెలు అక్కడ ఉద్యోగం చేస్తూ అక్కడే చూపించుకునేది. శ్రీమంతం అయ్యాక తొలి కాన్పుకు తల్లిగారింటికి బయలుదేరుతున్నప్పుడు, ఫైలు చివరి పేజీలో ఆయన 36 వారాలకు జీబీఎస్ స్వాబ్ చేయించమని రాసి ఇచ్చారు. ఇక్కడ కాన్పు చేయబోయే డాక్టరమ్మ ఆ పేజీ చూసి, “మన దగ్గర ఇది అందరికీ చేయించం అమ్మా, అవసరమనిపిస్తే నొప్పుల సమయంలో యాంటీబయాటిక్ ఇస్తాం” అన్నారు. మా అమ్మ సంగతి సరేసరి. “మా దిక్కు గిసొంటి పరీక్షలు ఎన్నడన్న ఇన్నమా బిడ్డా” అని తేల్చేసింది. ఒక డాక్టరుకు కొత్త సంగతులు తెలియవనో, మరొకరు డబ్బు కోసం రాశారనో అనుకోవడం తేలిక. కొంచెం లోతుగా చదివి, మళ్లీ మళ్లీ అడిగిన తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, ఇద్దరి మాటకూ గట్టి ఆధారమే ఉంది.

జీబీఎస్ అంటే గ్రూప్ బి స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా. ఇది పేగుల్లోనూ, మలద్వారం, యోని భాగాల్లోనూ ఉంటుంది, కొన్నాళ్లు కనిపించకుండా పోతుంది, మళ్లీ వస్తుంది. ఉన్నంత మాత్రాన తల్లికి సాధారణంగా ఏ బాధా ఉండదు. ఇది సుఖవ్యాధి కాదు, శుభ్రంగా ఉండకపోవడం వల్ల వచ్చేదీ కాదు. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకోకస్ వేరు, ఇది వేరు. ప్రమాదమంతా కాన్పు సమయంలోనే ఉంది. ఉమ్మనీటి సంచి పగిలిన తర్వాత బాక్టీరియా పైకి ఎగబాకడం వల్లనో, బిడ్డ కిందికి దిగుతున్నప్పుడో అది బిడ్డకు అంటుకుంటుంది. అంటుకున్న పిల్లల్లో ఎక్కువ మందికి ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం పుట్టిన మొదటి వారంలో, చాలావరకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే, రక్తంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మెదడు పొరల వాపు రావచ్చు. వస్తే ప్రాణాపాయమే, బతికి బయటపడిన పిల్లల్లోనూ కొందరికి వినికిడిలోనో ఎదుగుదలలోనో లోపం మిగిలిపోతుంది.

ఎంతమందికి వస్తుందన్నదే అసలు ప్రశ్న కాబట్టి దీని మీద కొంచెం నిలబడతాను. 2017లో ప్రచురితమైన అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో దాదాపు 18 శాతం మందిలో ఈ బాక్టీరియా ఉంటుంది. దక్షిణాసియాలో అంతకంటే తక్కువ, నూటికి 12 లేదా 13 మందిలో. బాక్టీరియా ఉన్న తల్లికి నొప్పుల సమయంలో మందు ఇవ్వకపోతే పుట్టే పిల్లల్లో సుమారు సగం మందికి అది అంటుకుంటుంది, అలా పుట్టే పిల్లలందరిలో జబ్బు పడేది మాత్రం 1 నుంచి 2 శాతం. మన ప్రాంతపు లెక్కతో చూస్తే, వెయ్యి మంది గర్భిణుల్లో దాదాపు 125 మందికి పాజిటివ్ వస్తుందనుకుందాం. వాళ్లలో ఎవరికీ మందు ఇవ్వకపోతే జబ్బు పడే పిల్లలు ఒకరో ఇద్దరో. ఒక్కరిని కాపాడటానికి వంద మంది తల్లులకు సెలైన్ పెట్టాలా అని ఒకరు అడుగుతారు. ఆ ఒక్క బిడ్డ మన బిడ్డ అయితే అని మరొకరు అడుగుతారు. రెండూ అడగదగ్గ ప్రశ్నలే.

దేశాలు కూడా దీని మీద ఒక్క మాటగా లేవు. అమెరికాలో 1990ల ఆరంభానికి ముందు ప్రతి వెయ్యి కాన్పులకు దాదాపు ఇద్దరు పిల్లలు మొదటి వారంలో ఈ జబ్బు బారిన పడేవారు. నొప్పుల సమయంలో యాంటీబయాటిక్ ఇవ్వడం మొదలుపెట్టి, 2002 నుంచి గర్భిణులందరికీ పరీక్ష చేయాలని నిర్ణయించుకున్న తర్వాత ఆ సంఖ్య పదివేలకు రెండు, మూడు స్థాయికి దిగింది. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం ప్రస్తుతం చెబుతున్నది 36 వారాలు నిండినప్పటి నుంచి 37 వారాల 6 రోజుల లోపు స్వాబ్ తీయాలని. బ్రిటన్‌లో మాత్రం అందరికీ పరీక్ష చేయరు. నెలలు నిండకముందే నొప్పులు రావడం, తల్లికి జ్వరం, మూత్రంలో ఈ బాక్టీరియా కనిపించడం, ఇంతకుముందు బిడ్డకు ఈ జబ్బు రావడం వంటి ప్రమాద సూచనలు ఉన్నవాళ్లకే మందు ఇస్తారు. హైదరాబాద్ డాక్టరుది అమెరికా పద్ధతి, మా డాక్టరమ్మది దాదాపుగా బ్రిటన్ పద్ధతి.

డాక్టరమ్మ వాదనలో మన దేశానికి సంబంధించిన మరో ముక్క కూడా ఉంది. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టిన శిశువుల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో, పసిపిల్లల రక్త ఇన్ఫెక్షన్లకు ప్రధాన కారణాలుగా తేలినవి అసినెటోబాక్టర్, క్లెబ్‌సియెల్లా, ఇ.కోలి అనే వేరే బాక్టీరియాలు. ఇవేవీ జీబీఎస్ స్వాబ్‌లో తేలేవి కావు, పెన్సిలిన్‌కు లొంగేవీ కావు. వీటి విషయంలో చేతుల శుభ్రత, కాన్పు గది శుభ్రత, పసిపిల్లలను ఉంచే నర్సరీ నిర్వహణ ముఖ్యం. నెగటివ్ రిపోర్టు చేతిలో పెట్టుకుని బిడ్డకు ఇక ఏ ఇన్ఫెక్షనూ రాదని నిశ్చింతగా ఉండే కుటుంబాన్ని చూస్తే ఆమెకు భయమట. జీబీఎస్ పుట్టిన కొద్ది గంటల్లోనే దెబ్బ తీస్తుంది కాబట్టి కల్చర్ పంపేలోపే కొందరు పిల్లలు చనిపోయి లెక్కలోకి రాకుండా పోతారన్న వాదన కూడా వైద్యుల్లో ఉంది. నాకు అది కొట్టిపారేయదగ్గదిగా అనిపించలేదు.

ఇంతా ఆలోచించి చివరికి చేయించాలని నిర్ణయించుకోవడానికి కారణం లెక్కలు కాదు, చెల్లెలి పరిస్థితి. మామూలు కాన్పు కోసం ఎదురుచూడాలని ఆమె పట్టుదల. తెలంగాణలో ఇది చిన్న కోరిక కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. నొప్పులు రాకముందే, ఉమ్మనీరు పోకముందే సిజేరియన్ అయితే జీబీఎస్ కోసం ప్రత్యేకంగా మందు ఇవ్వాల్సిన పని లేదు. కాబట్టి ఈ పరీక్ష ఎక్కువగా అక్కరకొచ్చేది నొప్పుల కోసం ఎదురుచూసేవాళ్లకే. పైగా ఉమ్మనీరు పోయి గంటలు గడిచినా నొప్పులు రాకపోతే ఏం చేయాలన్నది ముందుగా తెలిసి ఉంటే మంచిదని డాక్టరమ్మ కూడా ఒప్పుకున్నారు.

ఇక సెంటర్ సంగతి. ఫోన్ చేసి అడిగితే ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకుంటామన్నారు. వచ్చిన అబ్బాయి రక్తం తీయడంలో దిట్టే అయి ఉండవచ్చు గానీ, ఈ శాంపిల్ తీయడం అతని పని కాదని అతనికే తెలియదు. చివరికి సెంటర్‌కే వెళ్లాం. అక్కడి సిస్టర్ మర్యాదగా మాట్లాడారు, తెర ఉన్న గది, శుభ్రమైన బల్ల ఉన్నాయి. చిక్కంతా ఫారంలో వచ్చింది. కంప్యూటర్‌లో పరీక్ష పేరు ఎంచుకున్నప్పుడు బిల్లు మీద జీబీఎస్ కల్చర్ అనే పడింది, శాంపిల్ రకం దగ్గర మాత్రం హై వెజైనల్ స్వాబ్, అంటే యోని పైభాగం నుంచి తీసేది, అని ఉంది. సిస్టర్ దాని ప్రకారమే స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం) సిద్ధం చేసుకున్నారు.

ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది గానీ పరీక్ష ఫలితాన్నే తారుమారు చేయగలదు. జీబీఎస్ కోసం స్వాబ్‌ను యోని పైభాగం నుంచి కాక, యోని ముఖద్వారానికి దగ్గరగా కింది భాగం నుంచి తీయాలి. ఆ తర్వాత మలద్వారం లోపలి నుంచి కూడా తీయాలి, ఎందుకంటే ఈ బాక్టీరియాకు అసలు స్థావరం పేగులే. స్పెక్యులమ్ అక్కరలేదు. ఒక్క స్వాబ్‌తోనే ముందు యోని, తర్వాత మలద్వారం తీసుకోవచ్చు, లేదా రెండు స్వాబ్‌లు వాడవచ్చు. యోని ఒక్కదాని నుంచే తీస్తే, బాక్టీరియా ఉన్నవాళ్లలో చాలామందికి నెగటివ్ అని వచ్చే ప్రమాదం ఉంది. హైదరాబాద్ డాక్టరు చీటీ మీద రెండు చోట్ల నుంచి అని స్పష్టంగా రాసి ఉండబట్టి దాన్ని చూపించగలిగాను. సిస్టర్ ఎక్కడికో ఫోన్ చేసి కనుక్కుని, వాదన లేకుండా ఒప్పుకున్నారు. చెల్లెలికి మొహమాటంగా ఉందని గమనించి, ఎలా తీయాలో చెప్పి ఆమె చేతికే స్వాబ్ ఇచ్చారు. గర్భిణి తనంతట తాను తీసుకున్నా ఫలితంలో తేడా ఉండదని పరిశోధనల్లో తేలింది. ఆ సిస్టర్‌కు పూర్తి మార్కులు వేస్తాను, ఫారం తయారుచేసినవాళ్లకు సున్నా.

స్వాబ్ అంటే చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. పొడవాటి ప్లాస్టిక్ పుల్ల, చివర దూది లాంటి మెత్తని కొస, దాన్ని దించడానికి అడుగున బొగ్గు కలిపిన నల్లటి జెల్ ఉన్న గొట్టం. ఆ జెల్‌ను అమీస్ మీడియం అంటారు. ల్యాబ్‌కు చేరేదాకా బాక్టీరియా చావకుండా, విపరీతంగా పెరిగిపోకుండా కాపాడటం దాని పని. పొడి గొట్టంలో పెట్టి పంపితే మాత్రం ఒప్పుకోకండి. జెల్‌లో పెట్టినా 24 గంటల్లోపు ల్యాబ్‌లో పని మొదలవడం మంచిది, ఆలస్యమయ్యేటట్లుంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వంద కిలోమీటర్ల చిల్లర. సాయంత్రం బండి అందితే అదే రాత్రి ల్యాబ్‌కు చేరుతుంది. శనివారం సాయంత్రం తర్వాత తీసిన శాంపిల్ సోమవారం దాకా ఇక్కడే ఉంటుందని అడిగితే గానీ చెప్పలేదు. అందుకని మేము వారం మధ్యలో, పగటిపూట ఇచ్చాం. సెంటర్‌లో ఫ్రిజ్ ఉంది, ఐస్ ప్యాక్‌ల పెట్టె ఉంది, వాటి విషయంలో ఫిర్యాదు లేదు.

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చినది ల్యాబ్ పని. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఎన్‌రిచ్‌మెంట్ బ్రాత్ వాడతారా అని అడిగితే ఆ అమ్మాయికి ప్రశ్నే అర్థం కాలేదు, అందులో ఆమె తప్పేమీ లేదు. పట్టుబట్టి అడిగితే మరునాడు ల్యాబ్ మైక్రోబయాలజిస్టు స్వయంగా ఫోన్ చేశారు. స్వాబ్‌ను నేరుగా బాక్టీరియాను పెంచే జెల్లీ (అగార్) ప్లేటు మీద రాస్తే, పేగుల్లోని ఇతర బాక్టీరియా మందంగా పెరిగి జీబీఎస్‌ను కమ్మేస్తాయట. అందుకని ముందు దాన్ని ఇతర బాక్టీరియాను అణచే యాంటీబయాటిక్‌లు కలిపిన ద్రవంలో (ఎన్‌రిచ్‌మెంట్ బ్రాత్ అంటే అదే) ఒక రాత్రంతా వేడి పెట్టెలో పెంచి, ఆ తర్వాత రక్తం కలిపిన అగార్ ప్లేటు మీద వేసి చూస్తారు. కలుపు తీసిన మడిలో నారు వేసినట్టన్నమాట. రిపోర్టుకు రెండు మూడు రోజులు పట్టేది అందుకే. మామూలు కల్చర్ చేసి మరునాటికల్లా రిపోర్టు చేతిలో పెట్టే ల్యాబ్ వేగంగా పనిచేస్తున్నట్టు అనిపించవచ్చు గానీ, ఈ ఒక్క పరీక్ష విషయంలో ఆ వేగాన్ని అనుమానించాలి. ఇదే సంస్థలో, బాక్టీరియా జన్యుపదార్థాన్ని నేరుగా వెతికే పీసీఆర్ పద్ధతి కూడా ఉందట. ధర బాగా ఎక్కువ, ఫలితం త్వరగా వస్తుంది, కానీ ఏ మందుకు లొంగుతుందో చెప్పే జాబితా మామూలుగా అందులో ఉండదు.

రిపోర్టు పాజిటివ్ వచ్చింది. ఆ సంగతి మాకు తెలిసిన తీరు మాత్రం సంస్థ సిగ్గుపడాల్సినది. కౌంటర్‌లోని కుర్రాడు నలుగురి ముందు, “మేడం, పాజిటివ్ అని వచ్చింది, డాక్టర్‌కు చూపించండి” అని గట్టిగా అన్నాడు. గర్భిణి రిపోర్టు, పాజిటివ్ అనే మాట, పక్కన వరుసలో మనుషులు. వినేవాళ్లు ఏమనుకుంటారో చెప్పనక్కరలేదు. మా అమ్మ ఇంటికి వచ్చేదాకా నోరు మెదపలేదు, వచ్చాక అల్లుడికి ఏం చెప్పాలని అడిగింది. ఇది చాలామంది ఆడవాళ్ల ఒంట్లో ఉండేదేనని, భర్తకు పరీక్ష గానీ మందు గానీ అక్కర్లేదని డాక్టరమ్మ నోటి నుంచి వింటేనే ఆమె కుదుటపడింది. ఫోన్‌కు రిపోర్టు పంపే సౌకర్యం ఉన్నప్పుడు కౌంటర్‌లో చదివి వినిపించడం ఎందుకో నాకు అర్థం కాదు.

రిపోర్టు కాగితం మాత్రం బాగుంది. స్ట్రెప్టోకోకస్ అగలాక్టియే (జీబీఎస్‌కు శాస్త్రీయ నామం) పెరిగిందని, దాని కింద పెన్సిలిన్‌కు, ఆంపిసిలిన్‌కు లొంగుతుందని, క్లిండమైసిన్‌కు లొంగదని ఉంది. ఈ చివరి వివరం మాకు అవసరపడలేదు గానీ, పెన్సిలిన్ పడనివాళ్లకు అదే ప్రాణం. అలాంటివాళ్లకు ప్రత్యామ్నాయంగా ఇచ్చే మందుల్లో క్లిండమైసిన్ ఒకటి, దానికి ఈ బాక్టీరియా లొంగకపోవడం అరుదేమీ కాదు. అందుకే శాంపిల్ ఇచ్చేటప్పుడే పెన్సిలిన్ పడుతుందా లేదా అని అడిగే గడి ఫారంలో ఉండాలి. ఇక్కడ లేదు. అలాగే రిపోర్టు ఎన్నాళ్లు చెల్లుతుందో ఎక్కడా రాయలేదు. బాక్టీరియా వచ్చి పోయే రకం కాబట్టి అయిదు వారాలు దాటిన ఫలితాన్ని నమ్మడానికి లేదు. ఏడో నెలలోనే చేయించేసుకుంటే కాన్పు నాటికి దానికి అర్థమే ఉండదు.

రిపోర్టు వచ్చిన తర్వాత జరిగిన ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఊళ్లలో చాలామందికి ఇదే జరగగలదు. మా బంధువుల్లో ఒకాయన రిపోర్టు ఫొటో తమ ఊరి ఆర్‌ఎంపీకి చూపించి, అమాక్సిసిలిన్ గోలీలు రాయించుకొచ్చారు. బాక్టీరియా ఉందంటే చంపాలి కదా అన్నది ఆయన తర్కం. డాక్టరమ్మ ఆ గోలీలు వద్దన్నారు. నొప్పులకు ముందు మింగే మందుతో ఇది కొన్నాళ్లు తగ్గినా, పేగుల నుంచి మళ్లీ వచ్చేస్తుంది, కాన్పు రోజుకు ప్రయోజనం ఉండదు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌గా ఉంటే ఆ సంగతి వేరు, దానికి అప్పుడే మందు వాడాలి. గర్భం మోస్తున్న ఏ నెలలోనైనా మూత్రం కల్చర్‌లో జీబీఎస్ కనిపిస్తే, ఆ తల్లికి స్వాబ్ అక్కరలేకుండానే నొప్పుల సమయంలో ఇంజక్షన్ ఇస్తారు.

పరీక్ష విలువ తేలేది కాన్పు గదిలో. పెన్సిలిన్ జి అయితే మొదట 50 లక్షల యూనిట్లు, ఆ తర్వాత ప్రతి నాలుగు గంటలకు 25 నుంచి 30 లక్షల యూనిట్లు రక్తనాళంలోకి ఇవ్వాలి. ఆంపిసిలిన్ అయితే మొదట 2 గ్రాములు, ఆ తర్వాత బిడ్డ పుట్టేదాకా ప్రతి నాలుగు గంటలకు 1 గ్రాము. మొదటి డోసుకూ కాన్పుకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలన్నది అసలు నియమం, అంతకంటే తక్కువ సమయం దొరికినా ఎంతో కొంత మేలే. మేము ముందుగానే ఆసుపత్రి మందుల షాపులో కనుక్కుంటే పెన్సిలిన్ జి లేదన్నారు, ఆంపిసిలిన్ ఉంది. ఒకచోట మాకు పెన్సిలిన్ అంటూ చూపించింది పిరుదుకు ఇచ్చే బెంజథైన్ పెన్సిలిన్. అది నెమ్మదిగా, వారాల తరబడి పనిచేసే రకం, కాన్పు గదిలో ఈ అవసరానికి పనికిరాదు. నెలలు నిండకముందే డాక్టరమ్మతో మాట్లాడి ఆంపిసిలిన్ అని ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రాయించుకున్నాం.

ఆ ఎర్ర సిరా రాత పనికొచ్చింది. ఉమ్మనీరు పోయింది అర్ధరాత్రి దాటాక. డ్యూటీలో ఉన్నది వేరే డాక్టరు, సిస్టర్లు కూడా కొత్తవాళ్లే. రిపోర్టు ఫోన్‌లో ఉందని చెబితే ఎవరూ చూసేవాళ్లు కాదేమో. ఫైలు తెరవగానే కనిపించిన ఆ రాతను చూసి, టెస్ట్ డోస్ ఇచ్చి, అలర్జీ ఏమీ లేదని నిర్ధారించుకుని మందు మొదలుపెట్టారు. బిడ్డ పుట్టేలోపు నాలుగు గంటలకు మించే సమయం దొరికింది. ఆడపిల్ల, కాన్పు మామూలుగానే అయింది. ఏడుపు, రంగు, శ్వాస అన్నీ బాగున్నా రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచి గమనించారు. ఇంజక్షన్ వల్ల చెల్లెలికి ఇబ్బంది ఏమీ కలగలేదు, చేతికి సూది ఉండటంతో నొప్పుల మధ్య అటూ ఇటూ తిరగడానికి కష్టమైందని మాత్రం చెప్పింది. పెన్సిలిన్ రకం మందులకు తీవ్రమైన రియాక్షన్ అరుదే అయినా ఉండదని చెప్పలేం, కాబట్టి ఈ మందును ఆసుపత్రిలో తప్ప మరెక్కడా ఇప్పించుకోకూడదు.

ఈ నాలుగు గంటల నియమమే మన జిల్లాల్లో పెద్ద చిక్కు. దేవరకొండ నుంచి నల్లగొండకు దాదాపు 60 కిలోమీటర్లు, చందంపేట తండాల నుంచి ఇంకా దూరం. నొప్పులు బాగా ముదిరాక బయలుదేరే అలవాటున్న ఇళ్లలో, ముఖ్యంగా రెండో కాన్పుకు, మందు పనిచేసే వ్యవధి దొరకడం కష్టం. పాజిటివ్ వచ్చినవాళ్లు ఉమ్మనీరు పోగానే నొప్పుల కోసం చూడకుండా బయలుదేరాలి. ఈ మాట రిపోర్టు మీద తెలుగులో ఒక్క వాక్యం అచ్చు వేయడానికి ల్యాబ్‌కు ఖర్చేమీ కాదు. ప్రస్తుతం ఉన్నది ఇంగ్లిషులో రెండు పేరాల చిన్నచిన్న అక్షరాలు.

పరీక్ష చేసినా చేయకపోయినా తెలుసుకోవాల్సింది మరొకటుంది. నొప్పుల సమయంలో ఇచ్చే ఇంజక్షన్ మొదటి వారంలో వచ్చే జబ్బునే ఆపగలదు. వారం దాటి మూడు నెలల లోపు వచ్చే జీబీఎస్ జబ్బును అది ఆపలేదు, దానికి టీకా ఇంకా అందుబాటులోకి రాలేదు. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు కాలుతున్నా లేదా చల్లబడినా, మూలుగుతూ శ్వాస తీసినా, లేపినా లేవనంత మగతగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలన్నది ప్రభుత్వ నియమం. మా వాడకు వచ్చే ఆశా అక్క వచ్చిన ప్రతిసారీ బిడ్డ జ్వరం చూసి, శ్వాస లెక్కపెట్టి వెళ్లేది. ఏ ప్రైవేటు ప్యాకేజీలోనూ నాకు ఇది కనిపించలేదు.

ధర వెయ్యి, పదిహేను వందల మధ్య. మందు ఖర్చు దీనితో పోలిస్తే చాలా తక్కువ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు రక్తం, మూత్రం, షుగర్, హెచ్ఐవీ వంటి పరీక్షలు ఉచితంగా చేస్తారు గానీ, ఈ స్వాబ్ మామూలుగా ఆ వరుసలో ఉండదు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి వంటి మెడికల్ కాలేజీ ఉన్న చోట మైక్రోబయాలజీ విభాగం కూడా ఉంటుంది కాబట్టి, డాక్టరు అవసరమని రాస్తే అక్కడ అడిగి చూడవచ్చు. ఈ సంస్థకు నేను అయిదింటికి మూడు వేస్తున్నాను. ల్యాబ్ పనితనానికీ, సిస్టర్ ఓపికకూ ఆ మూడు. ఫారం దగ్గర ఒకటి, కౌంటర్ దగ్గర ఒకటి పోయాయి. ఫారం గురించి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం, సరిచేస్తామని మెయిల్ వచ్చింది.

మా సంగతి విని, కల్వకుర్తిలో ఉండే మా పెద్దనాన్న కూతురు తానూ చేయించుకోవాలా అని అడిగింది. ఆమెకు మొదటి కాన్పు సిజేరియన్, రెండోది కూడా ఆపరేషనే అని మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రిలో తేదీ ఇచ్చారు. అనుకున్న తేదీకి ముందే నొప్పులు రావచ్చు కాబట్టి అలాంటివాళ్లకూ స్వాబ్ తీయాలనే అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. అక్కడి డాక్టరు మాత్రం ఆమెకు మూత్రం కల్చర్ చేయించి, అందులో ఏమీ లేదని చూసుకుని, స్వాబ్ అక్కరలేదన్నారు. తేదీకి ముందు ఉమ్మనీరు పోయినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మని, అప్పుడు పరీక్షతో పని లేకుండానే మందు మొదలుపెడతామని చీటీ మీద రాసి ఇచ్చారు. ఆమె పరిస్థితికి అది సబబైన నిర్ణయమే అనిపించి, ఇక్కడి దాకా వచ్చి డబ్బు కట్టాల్సిన పని లేదని నేనూ చెప్పాను.